జ్యేష్ఠ ఎవరికి కీడు? మహాతారల భ్రమణం, రసాయన నిర్మాణం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగర్ చౌరస్తా దాకా నడిచి వెళ్లేవాళ్లకు రెండు రకాల బోర్డులు తరచుగా కనబడతాయి. ఒకటి, పోటీ పరీక్షలకు తర్ఫీదునిచ్చే కోచింగ్ సెంటర్లవి. రెండోది, జాతకాలు చూసి పొంతన కుదిర్చేవాళ్లవి. మొదటిచోట భౌతికశాస్త్రం ర్యాంకుగా మారి అమ్ముడుపోతుంది. రెండోచోట నక్షత్రం తలరాతగా మారి అమ్ముడుపోతుంది. డాప్లర్ సూత్రం మీద లెక్కలన్నీ తప్పులేకుండా చేసిన కుర్రవాడే, పెళ్లీడు వచ్చాక తండ్రి తన జాతకం పట్టుకొని బయల్దేరితే నోరు మెదపడు. ఈ రెంటికీ పొసగదని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని మనకూ తోచలేదు.

పెళ్లి సంబంధాలు మాట్లాడుకునే ఇళ్లలో ఈ మాట వినని వాళ్లుండరు: "అమ్మాయి బంగారంలా వుంది వదినగారూ, కాని జ్యేష్ఠా నక్షత్రమట. మా పెద్దవాడికి మంచిది కాదంటున్నారు. ఏమీ అనుకోకండి." జ్యేష్ఠలో పుట్టిన పిల్ల బావగారికి కీడు, మూలలో పుట్టిన పిల్ల మామగారికి కీడు, రోహిణిలో బిడ్డ పుడితే మేనమామకు గండం! తెలుగునాట పాతుకుపోయిన నమ్మకాలివి. డిగ్రీలు, ఉద్యోగాలు వున్న ఆడపిల్లలు కూడా ఈ ఒక్క మాటతో తలవంచుకొని లోపలికి పోవలసి వస్తున్నది. ఆ పిల్ల చేసిన తప్పేమిటి? పుట్టిన వేళకు చంద్రుడు ఆకాశంలో ఒకానొక భాగంలో వుండడం.

మూఢనమ్మకమని తిట్టి వూరుకోవడం తేలిక. అంతకంటే పనికొచ్చే పని ఇంకొకటి వుంది. ఆ జ్యేష్ఠ అంటే ఏమిటి, ఆ రోహిణి అంటే ఏమిటి అని అడగడం. అడిగితే వచ్చే జవాబు, పొంతనలు కుదిర్చేవాళ్లు చెప్పేదానికంటే ఎన్నో రెట్లు ఆశ్చర్యకరమైనది.

పంచాంగంలోని మహాతారలు

మన ఇరవై ఏడు నక్షత్రాలకు గుర్తుగా చెప్పుకునే తారల్లో కొన్ని ఒకే జాతికి చెందినవి. రోహిణి అంటే ఆల్డెబరాన్. స్వాతి అంటే ఆర్క్‌ట్యూరస్. పునర్వసు జంటలో ఒకటి పోలక్స్. ఈ మూడూ మహాతారలు. ఆరుద్రగా చెప్పే బెటెల్‌గ్యూస్, జ్యేష్ఠగా చెప్పే ఆంటారెస్ వాటిని కూడా మించిన అతిమహాతారలు. రోహిణి, ఆరుద్ర, జ్యేష్ఠల ఎరుపు మామూలు కంటికే తెలుస్తుంది.

ఇవన్నీ నడివయసు దాటిన తారలు. తార తన గర్భంలోని హైడ్రోజన్‌ను హీలియంగా మారుస్తూ బతుకుతుంది. మన సూర్యుడు ఇప్పుడు చేస్తున్నది అదే. గర్భంలో హైడ్రోజన్ అయిపోయాక, అక్కడి పదార్థం తన బరువుకు తానే కుంచించుకుపోతుంది, దాని చుట్టూ వున్న పొరలో హైడ్రోజన్ మండుతుంది, పై భాగమంతా ఉబ్బిపోయి చల్లబడి ఎర్రబడుతుంది. రోహిణి బరువు సూర్యుడి కంటే కొంచెమే ఎక్కువ. వ్యాసం మాత్రం దాదాపు 45 రెట్లు. జ్యేష్ఠను తెచ్చి సూర్యుడి స్థానంలో పెడితే, భూమి, కుజుడు దాని కడుపులోనే తిరగవలసి వస్తుంది. అది మనకు సుమారు 550 కాంతి సంవత్సరాల దూరంలో వుంది. ఈ రాత్రి మన కంటికి తగిలే దాని వెలుగు విజయనగర రాజుల కాలంలో బయల్దేరింది. ఆ వెలుగు ఫలానా వీధిలో, ఫలానా ఇంటి పెద్దకొడుకును వెతుక్కుంటూ వచ్చిందని నమ్మమంటున్నారు!

ఇంకొక సంగతి. జన్మనక్షత్రం స్వాతి అంటే పుట్టినప్పుడు చంద్రుడు స్వాతి దగ్గర వున్నాడని అర్థం కాదు. చంద్రుడి బాటకు స్వాతి ఎంతో ఉత్తరంగా వుంది. చంద్రుడు ఎన్నడూ ఆ తార సమీపానికి పోడు. బాటను ఇరవై ఏడు సమభాగాలు చేసి, వాటికి పేర్లు తగిలించారు, అంతే. రోహిణి, జ్యేష్ఠల సంగతి వేరు. చంద్రుడు అప్పుడప్పుడు నిజంగానే వాటికి అడ్డుపడతాడు. జాతకం చెప్పేవాడికి అది యోగం. ఖగోళ శాస్త్రజ్ఞుడికి అదొక కొలబద్ద. చంద్రుడి అంచు వెనక్కి పోయేటప్పుడు తార ఎంతసేపట్లో ఆరిపోయిందో సెకనులో వెయ్యో వంతుల దాకా కొలిచి, దాని వ్యాసం ఎంతో లెక్కగట్టారు.

రైతు సంగతి కూడా విడిగా చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నవాడు, ఆరుద్ర కార్తె వచ్చిందంటే వానల మాట ఎత్తేవాడు నక్షత్రాలను కాలం కొలిచే గడియారంగా వాడుకున్నాడు. అది తరతరాల పరిశీలన. శ్రమలోంచి పుట్టిన జ్ఞానం. ఆ గడియారాన్ని తీసుకుపోయి ఆడపిల్ల మెడకు గుదిబండగా కట్టినవాడు వేరు. ఈ ఇద్దర్నీ ఒకే గాటన కట్టడం మన వైపు నుంచి తరచుగా జరిగే పొరపాటు.

ముట్టుకోకుండా ఎలా తెలిసింది?

తారలు దేనితో తయారయ్యాయో మానవుడు ఎన్నటికీ తెలుసుకోలేడని 1835లో ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కోంత్ రాశాడు. పాతికేళ్లు తిరక్కముందే, 1859లో, జర్మనీలో కిర్కాఫ్, బున్‌సెన్ ఆ మాట తప్పని తేల్చారు. వెలుగును పట్టకం గుండా పంపితే రంగుల పట్టీ వస్తుంది. అదే వర్ణపటం. తార పై పొరలోని ఒక్కొక్క మూలకం ఆ పట్టీలో తనకే ప్రత్యేకమైన చోట్ల నల్లటి గీతలు గీస్తుంది. ఆ గీతలు తార రాసిచ్చిన వాఙ్మూలం.

అయితే వాఙ్మూలాన్ని చదవడం కూడా తెలియాలి. గీత బలంగా వున్నంత మాత్రాన ఆ మూలకం ఎక్కువగా వుందని కాదు. వేడిని బట్టి, పీడనాన్ని బట్టి గీతల బలం మారుతుంది. ఆ లెక్కకు తాళంచెవి ఇచ్చినవాడు మేఘనాద్ సాహా, 1920లో. అన్నీ వేదాల్లోనే వున్నాయష అనేవాళ్లను మొహం మీదే ఎగతాళి చేసిన సాహా ఆయనే. ఆయన సమీకరణాన్ని ఆధారం చేసుకొని 1925లో సిసీలియా పేన్ అనే యువతి, తారల్లో అత్యధిక భాగం హైడ్రోజన్, హీలియంలే అని తేల్చింది. అప్పటి పెద్దల్లో ఒకడైన హెన్రీ నోరిస్ రసెల్ అది అసంభవమన్నాడు. ఆమె తన ప్రబంధంలోనే ఆ ఫలితం నిజం కాకపోవచ్చునని రాసుకోవలసి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత, 1929లో, రసెల్ తానే ఆమె చెప్పింది సరైనదని ఒప్పుకున్నాడు. ఆడపిల్ల నక్షత్రం మీద తీర్పులిచ్చే సమాజాలు, నక్షత్రం మీద ఆడపిల్ల తీర్పునిస్తే ఎలా తడబడ్డాయో చూపే కథ ఇది.

ఒప్పులకుప్ప న్యాయం

గీతలు ఇంకొక రహస్యం కూడా చెబుతాయి. తార తన చుట్టూ తాను తిరుగుతూ వుంటే, దాని ఒక అంచు మన వైపు వస్తూ వుంటుంది, రెండో అంచు దూరంగా పోతూ వుంటుంది. వచ్చే అంచు వెలుగు కాస్త నీలం వైపు, పోయే అంచు వెలుగు కాస్త ఎరుపు వైపు జరుగుతుంది. కోచింగ్ సెంటరు కుర్రవాడు బట్టీ పట్టిన డాప్లర్ సూత్రం ఇదే. రెండూ కలిసి వచ్చేసరికి సన్నటి గీత వెడల్పవుతుంది. ఎంత వెడల్పో కొలిస్తే భ్రమణ వేగం తెలుస్తుంది. తార ధ్రువం సూటిగా మన వైపు తిరిగి వుంటే మాత్రం ఏమీ తెలియదు. కాబట్టి ఈ పద్ధతిలో వచ్చే సంఖ్య ఎప్పుడూ కనీస వేగమే.

మన ఆడపిల్లలు ఒప్పులకుప్ప తిరిగేటప్పుడు చేతులు చాపి వెనక్కి వాలితే తిరుగుడు నెమ్మదిస్తుంది, దగ్గరకు జరిగితే జోరెక్కుతుంది. తారకూ అదే న్యాయం. పదుల రెట్లు ఉబ్బిన తార బాగా నెమ్మదించాలి. దానికి తోడు, యవ్వనంలో సూర్యుడి వంటి తారలు వీచే అయస్కాంత గాలులు కూడా వాటి భ్రమణాన్ని లాగేసుకుంటాయి. సూర్యుడి నడిమి రేఖ దగ్గర వేగం సెకనుకు 2 కిలోమీటర్లే. అందుకే మహాతారల్లో అత్యధిక భాగం సెకనుకు కొద్ది కిలోమీటర్ల వేగంతో బద్ధకంగా తిరుగుతాయి.

కాని నూటికి ఒకటి రెండు అలా లేవు. అవి సెకనుకు పది కిలోమీటర్లకు మించి తిరుగుతున్నాయి. ఈ జోరు ఎక్కణ్ణించి వచ్చింది? ఉబ్బుతున్న తార తన గ్రహాన్నో, జంట తారనో మింగేసి వుండాలి. ఆ మింగినదాని పరిభ్రమణం వృథాగా పోదు, తార భ్రమణంలో కలుస్తుంది.

పై పొర కథ ఇది. లోపల ఏం జరుగుతోంది? తార కంపిస్తూ వుంటుంది, గంట మోగినట్టు. ఆ కంపనాలను కెప్లర్ అంతరిక్ష దూరదర్శిని పట్టుకుంది. 2012లో వెలువడిన ఫలితం ప్రకారం కొన్ని మహాతారల గర్భం, పై భాగం కంటే కనీసం పది రెట్లు వేగంగా తిరుగుతోంది. కుంచించుకుపోయిన గర్భం జోరెక్కడం ఒప్పులకుప్ప న్యాయమే. చిక్కేమిటంటే, సిద్ధాంతం లెక్క ప్రకారం అది ఇంకా ఎన్నో రెట్లు జోరుగా తిరగాలి. గర్భం నుంచి ఆ భ్రమణాన్ని పై పొరలకు ఏదో చేరవేస్తోంది. అదేమిటో తృప్తికరంగా ఇంకా తేలలేదు.

ఆరుద్ర దగ్గర ఇంకొక పాఠం వుంది. 2018లో ప్రచురితమైన రేడియో పరిశీలనల్లో దాని వేగం సెకనుకు 5 కిలోమీటర్లని వచ్చింది. అంత ఉబ్బిన తారకు అది చాలా ఎక్కువ. జంట తారను మింగిందేమోనన్నారు. 2024లో మరొక బృందం గణన నమూనాలతో, దాని ఉపరితలం మీద పొంగి పడే బ్రహ్మాండమైన వేడి బుడగలే దూరానికి భ్రమణంలా కనిపించవచ్చునని చూపింది. నిన్న చెప్పిందాన్ని ఇవాళ తానే ప్రశ్నించుకోవడం శాస్త్రానికి అవమానం కాదు, అదే దాని ప్రాణం. తన జోస్యాన్ని ఇలా బహిరంగంగా పరీక్షకు పెట్టిన జాతకచక్రం ఒక్కటైనా వుందా?

అడుగున వున్నది పైకి

కుండలో ఎసరు తెర్లుతున్నప్పుడు అడుగు బియ్యం పైకీ, పై బియ్యం కిందికీ తిరుగుతాయి. మహాతార పై భాగమంతా ఇలా తెర్లుతూ వుంటుంది. ఆ తెర్లుడు లోతుకు దిగి, పూర్వం కేంద్రక చర్యలు జరిగిన పొరలను తాకి, అక్కడి పదార్థాన్ని పైకి తోడుతుంది. దాంతో తార ముఖం మీది రసాయన నిర్మాణమే మారిపోతుంది. కార్బన్ తగ్గుతుంది, నైట్రోజన్ పెరుగుతుంది. మామూలు కార్బన్‌కు, బరువైన కార్బన్-13కు మధ్య నిష్పత్తి సూర్యుడిలో దాదాపు 90. స్వాతిలో 7కు అటూ ఇటూ. తెర్లుడు ఒక్కటే అంత దూరం తేలేదు. అదనంగా ఇంకేదో కలయిక జరుగుతోంది. అందులో భ్రమణం పాత్ర ఎంతో అన్నది ఇప్పటికీ చర్చే. భ్రమణానికీ, రసాయన నిర్మాణానికీ ముడి పడేది ఇక్కడే.

తారలు పదార్థాన్ని కొత్తగా తయారు చేస్తాయనడానికి తిరుగులేని సాక్ష్యం కూడా మహాతారల్లోనే దొరికింది. 1952లో అమెరికాలో పాల్ మెరిల్, కొన్ని ఎర్ర మహాతారల వర్ణపటంలో టెక్నీషియం గీతలు చూశాడు. ఆ మూలకానికి స్థిరమైన రూపం లేదు. ఎంత నిలకడైన రూపమైనా కొద్ది మిలియన్ల ఏళ్లలో సగం హరించుకుపోతుంది. తార వయసు దానికి ఎన్నో రెట్లు. అంటే అది పుట్టుకతో వచ్చింది కాదు. ఆ తారే తన కడుపులో చేసింది.

ఇక లిథియం. సెల్‌ఫోను బ్యాటరీలో వుండే లిథియమే. ఇది సున్నితమైన మూలకం. ఇరవై అయిదు లక్షల డిగ్రీల వేడికే తార లోపల నశిస్తుంది. కాబట్టి తెర్లుడు మొదలైన మహాతారల్లో అది నామమాత్రంగానే మిగలాలి. కాని 1982లో వాలర్‌స్టీన్, స్నీడెన్ ఒక మహాతారలో లిథియం పుష్కలంగా వుండడం చూశారు. తర్వాత మరికొన్ని దొరికాయి, నూటికి ఒకటి చొప్పున. వాటిలో కొన్ని జోరుగా తిరిగేవి కూడా. గ్రహాన్ని మింగితే లిథియం, భ్రమణం రెండూ పెరగవచ్చునన్నది ఒక వాదం. హీలియం రూపాలు రెండు కలిసి బెరీలియం ఏర్పడి, అది వేడి తక్కువ చోటికి పైకి చేరి లిథియంగా మారుతుందన్నది, అంటే తార లోపలే తయారవుతుందన్నది, రెండో వాదం.

ఈ ముడి విప్పడంలో మనవాళ్ల చెయ్యి గట్టిగానే వుంది. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్‌కు చెందిన యర్రా భరత్‌కుమార్, బాచం ఈశ్వర రెడ్డి, టెక్సాస్‌లోని డేవిడ్ లాంబర్ట్‌తో కలిసి, అంతకుముందు మూడు దశాబ్దాల్లో ఒక్కొక్కటిగా దొరికినవాటికి తోడు, ఒకే సర్వేలో 15 కొత్త లిథియం మహాతారలను పట్టుకున్నారు. 2011లో వారొక సంగతి గమనించారు. అవి చాలావరకు హీలియం మండుతున్న దశలో గుమిగూడి వున్నాయి. 2020లో భరత్‌కుమార్, ఈశ్వర రెడ్డి మరికొందరితో కలిసి, పెద్ద సర్వేల్లోని వేలాది తారలను పరిశీలించి, ఆ దశకు చేరిన తారల్లో లిథియం అంతకుముందు దశకంటే సగటున నలభై రెట్లు వుందని ప్రకటించారు. అంటే ఇది నూటికో కోటికో జరిగే వింత కాదు. గర్భంలో హీలియం ఒక్కసారిగా భగ్గుమన్నప్పుడు సూర్యుడి వంటి తారలన్నిటికీ జరగగల పని. ఈ నిర్ణయం మీద ఇతర బృందాలు అభ్యంతరాలు లేవదీశాయి. చర్చ సాగుతోంది. సాగాలి.

సాగర్ రోడ్డు

ఇదంతా ఎక్కడో జరిగిన కథ అనుకోనక్కర్లేదు. హైదరాబాదులో 1901లో నవాబు జఫర్ జంగ్ తన సొంత దూరదర్శినితో మొదలుపెట్టిన నిజామియా వేధశాల తర్వాత బేగంపేటకు చేరింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ప్రపంచ దేశాలు ఆకాశాన్ని పంచుకొని పటం గీసిన మహా ప్రయత్నంలో, తన వాటాకు వచ్చిన ఏడున్నర లక్షలకు పైగా తారల స్థానాలను ఇక్కడి సిబ్బంది ఏళ్ల తరబడి కూర్చొని కొలిచారు. ఆ వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు వేణు బాప్పు. నిజాం కాలేజీలో చదివాడు. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి, చల్లటి తారల కాల్షియం గీతలో కనిపించే మెరుపు వెడల్పును బట్టి, అది మహాతారో మామూలు తారో, దాని అసలు కాంతి ఎంతో చెప్పవచ్చునని కనుగొన్నాడు. దీన్ని విల్సన్-బాప్పు ఫలితం అంటారు. పైన చెప్పిన బెంగుళూరు సంస్థను నిర్మించిందీ ఆయనే.

ఎల్.బి.నగర్ దగ్గర చీలి ఇబ్రహీంపట్నం వైపు పోయే సాగర్ రోడ్డు పట్టుకొని వెళితే, నగరానికి యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో జపాల్-రంగాపూర్ వేధశాల వుంది. నలభై ఎనిమిది అంగుళాల దూరదర్శినిని 1968లో అక్కడ నెలకొల్పారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా ఆ వేధశాల మీదుగా సాగింది. దేశ విదేశాల శాస్త్రజ్ఞులు అక్కడ పరికరాలు బిగించుకొని ఎదురుచూశారు. అదే మధ్యాహ్నం హైదరాబాదు వీధులు నిర్మానుష్యమయ్యాయి. జనం తలుపులు బిగించుకొని కూర్చున్నారు. ఒకే రోడ్డుకు ఆ చివర ఆకాశాన్ని ప్రశ్నించే కళ్లు, ఈ చివర ఆకాశానికి భయపడి మూసుకున్న కళ్లు.

ఆ దూరం నేటికీ తరగలేదు. ఎల్.బి.నగర్ దీపాల వెలుగులో ఇప్పుడు చిన్న తారలు కనబడవు. రోహిణి, జ్యేష్ఠ, స్వాతి మాత్రం కనబడతాయి. తలెత్తేవాడు కావాలి. హాస్టలు మేడ మీద బట్టలారేసే కుర్రవాడికి, తాను పగలు నేర్చిన సూత్రం ఆ ఎర్రటి చుక్క తిరుగుడును కొలిచే సాధనమని ఒక్కరైనా చూపించి వుంటే, జాతకం పట్టుకొని బయల్దేరిన తండ్రిని అతను వాకిట్లోనే ఆపి వుండేవాడేమో.

మనం చెప్పవలసింది

మహాతారలు చెప్పే నిజం ఒక్కటే. నక్షత్రమే స్థిరం కాదు. పుట్టుకతో వచ్చిన నిర్మాణం దాని కడసారి నిర్మాణం కాదు. తిరుగుడు, తెర్లుడు, మంట కలిసి దాన్ని మారుస్తున్నాయి. తన రాతనే తాను తిరగరాసుకునే తార, మన రాతను ఒక్కసారే రాసి పెట్టిందనడం ఎంత వింత!

ఇక్కడ మనకూ ఒక హెచ్చరిక అవసరం. పరిమాణం గుణంగా మారుతుందన్న సూత్రానికి ఉదాహరణ దొరికిందని తారలను మన వాదానికి సాక్షులుగా నిలబెట్టి వూరుకోకూడదు. సూత్రం ముందు, తార తర్వాత కాదు. గీతలను కొలిచిన తర్వాతే మాట్లాడాలి. కొలత మారితే మాట మార్చుకోవాలి. అలా చెయ్యకపోతే మన బోర్డుకూ, మేడ మీది జాతకాల బోర్డుకూ తేడా వుండదు. రచయితలుగా మనం తారను స్థిరత్వానికీ, అందరాని అందానికీ ఉపమానంగా వాడి వాడి అరగదీశాం. మార్పుకూ, శ్రమకూ ప్రతీకగా దాన్ని చూడగల కవి కోసం అది ఇంకా ఎదురుచూస్తోంది.

ఆ జ్యేష్ఠా నక్షత్రం పిల్ల దగ్గరికే మళ్లీ వద్దాం. ఆమె ఒంట్లోని కార్బన్, నైట్రోజన్‌లలో పెద్ద భాగం, సూర్యుడు పుట్టకముందే జీవించి తమ పదార్థాన్ని అంతరిక్షంలోకి వెదజల్లిన మహాతారల్లో తయారైంది. నక్షత్రంతో ఆమెకున్న సంబంధం నిజమే. అయితే కీడు జరుగుతుందని ఇంటిల్లిపాదీ భయపడుతున్న ఆ బావగారి ఒంట్లోనిది కూడా అక్కణ్ణించి వచ్చిందే. ఇద్దరికీ మూలం ఒక్కటే. ఇంతకంటే మంచి పొంతన ఏ పంచాంగంలో వుంది?